వాలీబాలు శిక్షకులు వచ్చిన త్రోవలు

(మన సంఘ వార్షిక మహాసభ, వర్ని, రెండవ దినమున చదివిన ఉపన్యాసము)



మాకు ముందు మాటలాడిన పెద్దలు విద్యానిధినిగూర్చియు, పెండ్లిండ్ల వ్యయమునుగూర్చియు గంభీరముగా సెలవిచ్చిరి. మా వంతునకు వచ్చినది బంతాట. ముందు వరుసలో కొందఱు చిఱునవ్వు నవ్వుచున్నారు, నవ్వుదురుగాక. రేపటి యుదయము విషయనిర్ణాయకసభ యెదుటికి రానున్న తీర్మానములలో మన పెద్దలు రాత్రి పదిగంటలవఱకు గొంతులెత్తి వాదించినది ఈ బంతాటను గూర్చిన తీర్మానమే యని వారికి జ్ఞాపకము చేయుచున్నాము.

సంగతి యిది. మన వసతిగృహములో నుండి నిజామాబాదులో చదువుకొను బాలబాలికలు తమ కళాశాల వాలీబాలు జట్లలో చాలమంది యున్నారు. ఆ జట్లకు సాయంకాలములందు శిక్షణ మిచ్చుటకు మన సంఘము జీతమిచ్చి ఒకరిని నియమింపవలెనని తలపెట్టినాము. మూడు దరఖాస్తులు వచ్చినవి. వానిని పరిశీలించు ఉపసంఘములో మేమును ఒకరము. మొదటి కవరు చించగానే మా ప్రక్కనున్న పెద్దమనుష్యుడు వేసిన మొదటి ప్రశ్న ‘మనవాడేనా?’ యనునది. ఆయన అడుగకున్నచో మేమే అడిగియుందుము గాన ఆయనను తప్పుపట్టుట లేదు. కాని యా రాత్రి ఇంటికి పోయిన పిదప మాకు నిద్ర పట్టలేదు. ఈ దేశమున వాలీబాలు నేర్పినవారందఱు ఏ త్రోవన వచ్చిరి, వారిని తయారుచేసిన దెవరు, అని మాకు తెలిసినంతమట్టుకు నెమరువేసికొంటిమి. ఆ నెమరువేతయే ఈ ఉపన్యాసము.

మొదట మన యూరి సంగతి. నిజాంసాగరము 1923లో ఆరంభమై 1931లో పూర్తియైనది. మంజీర నీరు కాలువలబడి యీ పొలములకు వచ్చిన పిదప కృష్ణా గోదావరీ తీరములనుండి మన పెద్దలు వచ్చి క్యాంపులు కట్టుకొనిరి. 1937లో బోధను చెంత చక్కెర కర్మాగారము వెలసినది. క్యాంపులో గుడి లేచెను, బడి లేచెను. బడితోపాటు డ్రిల్లుమాస్టరు వచ్చెను. మాకు బంతి పట్టుట నేర్పిన డ్రిల్లుమాస్టరు మద్రాసులో శిక్షణ పొందినవాడు. మన కులమువాడు కాడు. సైకిలు వెనుక గుడ్డసంచిలో బంతి కట్టుకొని వచ్చెడివాడు. కుప్పనూర్పులు ముగిసి కళ్ళములు ఖాళీ యగువఱకు ఆయన వేచియుండెడివాడు. ఏలనన అలికి చదునుచేసిన కళ్ళమునకు మించిన ఆటస్థలము క్యాంపులో వేఱొకటి లేదు. రెండు వెదురుబొంగులు నాటి, నడుమ వల కట్టి, చునాతో గీతలు గీసి, ముందుగా మాచేత నెల దినములు వలయే ముట్టనీయక, గోడకు బంతి కొట్టించెను. అప్పుడు మేము లోలోపల ఎంత తిట్టుకొంటిమో! వ్రేళ్ళు మెత్తబడుట యనునది ఏమో పిదప తెలిసినది.

ఆ డ్రిల్లుమాస్టరునకు మద్రాసులో నేర్పినవా రెవరు? ఇచ్చట కొంచెము దూరము పోవలసియున్నది. 1895లో అమెరికాలోని హోలియోకు పట్టణపు వై.ఎం.సి.ఏ.లో విలియం మోర్గను అను వ్యాయామోపాధ్యాయుడు ఈ యాటను కల్పించెను. నడివయస్సు వర్తకులకు బాస్కెట్‌బాలు ఆయాసకరముగా నుండుటచే, పరుగు తక్కువగా నుండు ఆట యొకటి కావలెనని ఆయన యూహ. (నేడు మన పిల్లలు ఆడు ఆటను జూచిన ఆ వర్తకులు మంచమెక్కియుందురు.) మోర్గను స్ప్రింగ్‌ఫీల్డులోని వై.ఎం.సి.ఏ. శిక్షణాలయమున చదివినవాడు. ఆ స్ప్రింగ్‌ఫీల్డుననే చదివిన హ్యారీ క్రో బక్ అను నతడు మద్రాసునకు వచ్చి, 1920లో వ్యాయామవిద్యా పాఠశాలను నెలకొల్పెను. తరువాత నది సైదాపేట ప్రాంతమునకు మాఱి, దక్షిణదేశమంతటికి డ్రిల్లుమాస్టరులను పంపిన పెద్ద కళాశాల యైనది. 1924లో పారిసు ఒలింపిక్సునకు పోయిన భారతజట్టును వెంటబెట్టుకొని పోయినవాడును బక్‌గారే. అనగా స్ప్రింగ్‌ఫీల్డునుండి మద్రాసునకు, మద్రాసునుండి గుడ్డసంచిలో వర్ని కళ్ళమునకు ఈ విద్య నడచి వచ్చినది. ఈ గురుపరంపరలో మనవాడు ఏ మెట్టున నున్నాడో మాకు కానరాలేదు.

డ్రిల్లుమాస్టరు నుద్యోగము చిన్నదని మనలో నొక భావము కలదు. పెండ్లిచూపులలో సయితము ‘లెక్కల మాస్టరా, డ్రిల్లుమాస్టరా’ యని అడిగి, రెండవదైనచో కాఫీ చల్లారబెట్టువారిని మేము చూచితిమి. అట్టివారికొఱకు హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం గారి సంగతి చెప్పెదము. ఆయనది ఫుట్‌బాలు, ఐనను శిక్షకుని జీవితమునకు ఆయనకంటె మంచి యుదాహరణము మన రాష్ట్రములందు లేదు. 1909లో పుట్టి, కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్ల బడిపంతులుగా పనిచేసి, వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, పాఠశాలల ఆటల భారము వహించి, ఆ పిదప హైదరాబాదు నగర పోలీసు జట్టునకు, 1950 మొదలు భారతజట్టునకు శిక్షకుడయ్యెను. 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో స్వర్ణము. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సున నాలుగవస్థానము. 1963లో క్యాన్సరువలన దేహము చాలించెను. పిల్లవాని ముఖము చూచి పాఠము తెలిసినదో లేదో గ్రహించు నేర్పు ఆయనకు బడిలో పట్టుబడియుండవలెనని మా నమ్మకము. ఆ జకార్తా క్రీడలలోనే మన వాలీబాలు జట్టు రజతపతకము తెచ్చినదని కూడ ఇచ్చట చెప్పుట యుక్తము.

వాలీబాలులో మన తెలుగువారి పేరు తక్కువది కాదు. 1936లో లాహోరున మొదటి అంతర్రాష్ట్ర పోటీలు జరిగినవి. 1951లో భారత వాలీబాలు సమాఖ్య ఏర్పడినది. ఎం. శ్యామసుందరరావు గారు ఆటగానిగా 1974లో అర్జున పురస్కారము, శిక్షకునిగా 1995లో ద్రోణాచార్య పురస్కారము పొందిరి. ఎ. రమణారావు గారు 1977-78లో అర్జున, 1990లో ద్రోణాచార్య. ఈ యిద్దఱి విషయమున మీరు గమనింపవలసినది రెండు పురస్కారములకు నడుమనున్న కాలము. ఒకరికి ఇరువది యొక్క సంవత్సరములు, వేఱొకరికి సుమారు పండ్రెండు. ఆడుట యొక విద్య, ఆడించుట వేఱొక విద్య. రెండవదానికి మరల మొదటినుండి చదువుకొనవలెను. ఆ చదువుకొఱకే 1961లో పటియాలా రాజభవనములో జాతీయ క్రీడాసంస్థ నెలకొల్పబడినది. గొప్ప ఆటగాడు అచ్చటికి పోయి, మరల విద్యార్థియై, శరీరశాస్త్రము చదివి, పరీక్షకు కూర్చుండి, డిప్లొమా తెచ్చుకొనుట యనునది మనము వినుటకు సులభముగా నున్నది. చప్పట్లకు అలవాటుపడిన మనుష్యునకు అది యెంత కష్టమో ఆలోచింపుడు.

ఇక గోదావరి కావలనున్న నిర్మలులో పుట్టిన పి.వి. రమణగారి త్రోవ. చదువుకొఱకు, ఆటకొఱకు గుంటూరునకు పోయి, రైల్వేలో నుద్యోగము పొంది, 1986లో సియోలు ఆసియా క్రీడలందు జిమ్మీ జార్జి, సిరిల్ వల్లూరు మొదలగువారితో కూడి కాంస్యపతకము గెలిచి, 2000లో అర్జున పురస్కార మందిరి. వారి భార్య విజయగారును వాలీబాలు క్రీడాకారిణియే. వారి కుమార్తె సింధు సంగతి మీకు మేము చెప్ప నక్కఱలేదు. కాని ఆ బాలికకు సికింద్రాబాదు రైల్వేవారి కోర్టులో మొట్టమొదట రాకెట్టు పట్టించినవారు మహబూబ్ అలీ గారు. వాలీబాలు వంశమున పుట్టిన పిల్లకు బ్యాడ్మింటను గురువు! మన నిజామాబాదు పిల్ల నిఖత్ జరీను సంగతియు నిట్టిదే. తండ్రి జమీల్ అహమ్మదుగారు స్వయముగా క్రీడాకారుడై మొదటి పాఠములు చెప్పి, 2009లో విశాఖపట్టణమునకు పంపగా, అచ్చట ఐ. వెంకటేశ్వరరావుగారు నేర్పిరి, 2022లో ఇస్తాంబులున ఆమె ప్రపంచవిజేత యైనది. ఈ పేర్లను వరుసగా చదువుకొని, వీరిలో ఎవరు ఎవరివారని అడుగుడు. మాకు సమాధానము దొరకలేదు. కులసంఘపు పందిటిలో నిలిచి ఈ మాట చెప్పుట విడ్డూరముగా తోచవచ్చును. మన విద్యానిధి మన పిల్లలకొఱ కేర్పడినది. దానిని మేము కాదనుట లేదు. పిల్లలు మనవారు కావచ్చును, చదువు చెప్పువాడు చదువు వచ్చినవాడు కావలెను. కన్ను జబ్బుచేసినప్పుడు మనమందఱము హైదరాబాదు వైద్యుని కులమడిగియే పోవుచున్నామా?

శిక్షకుని నిలుపునది ఉద్యోగ మని చెప్పుటకు జపానుదేశపు సంగతి యొకటి. 1964లో టోకియో ఒలింపిక్సున వాలీబాలు మొదటిసారి చేర్చబడినది. స్త్రీల స్వర్ణము జపానుది. ఆ జట్టులో చాలమంది కైజుకలోని నిచిబో నూలుమిల్లు ఉద్యోగినులు. శిక్షకుడు హిరోబుమి దైమత్సు ఆ కంపెనీ యుద్యోగియే. యుద్ధములో సైనికుడుగా నుండి వచ్చినవాడు. పగలు మిల్లుపని ముగిసిన పిదప మొదలిడి అర్ధరాత్రివఱకు సాధన చేయించెడివాడట. బంతికొఱకు నేలపై దొర్లి లేచు పద్ధతిని ఆ బాలికలచేత నేర్పించి లోకమును ఆశ్చర్యపఱచెను. ఆయన కాఠిన్యము మనకు వలదు. మన పిల్లలు మరునాడు ప్రొద్దున కళాశాలకు పోవలసినవారు. మాకు కావలసినది ఆ మిల్లు. శిక్షకునకు జీతము, క్రీడాకారిణికి జీతము, ఇద్దఱకు ఒకే ఆవరణము. మన దేశమునను రైల్వేలు, పోలీసుశాఖ, సైన్యము, పెద్ద కర్మాగారములు ఈ పని చేసినవి. బోధను కర్మాగారము 2002లో ప్రైవేటుచేతికి పోయి, 2015లో మూతబడినది. చిమ్నీ చల్లారుటతో చెఱకు రైతుకు కలిగిన నష్టము నిన్న మన పెద్దలు చెప్పిరి. ఉద్యోగి ప్రొద్దున పనికి పోయి సాయంకాలము మైదానమునకు వచ్చు నొక జీవనపద్ధతియు దానితోనే పోయినది. ఇప్పుడా లోటు తీర్చుటకు మనవంటి సంఘములు ముందుకు రావలసియున్నది గాన ఈ తీర్మానము.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. చాల సంవత్సరములక్రిందట మేము యువజనశాఖ కార్యదర్శిగా నున్నప్పుడు ఇట్లే ఒక శిక్షకుని నియమించితిమి. మనవాడు. ఆటలో మేటి, పతకములు పెట్టెనిండ నుండెను. నేర్పుట మాత్రము ఎన్నడు నేర్చుకొననివాడు. ఎత్తైన నలుగురు పిల్లలను ఏరుకొని రోజు రోజంతయు షూటింగే కొట్టించెను. లిఫ్టరును తయారుచేయలేదు, సర్వీసు నందుకొనుట చూపలేదు, చలికాలమున వేడెక్కుటకైనను పరుగు పెట్టింపలేదు. రెండవ యేట మంచి షూటరు భుజము పట్టుకొనిపోయినది. ఆ పిల్లవాడు మరల వలముందు చేయెత్తలేదు. అతని తండ్రి మా యింటికి వచ్చి ఏమియు ననలేదు. అరుగుమీద కూర్చుండి, మజ్జిగ త్రాగి, లేచిపోయెను. అప్పుడు దరఖాస్తు పెట్టినవారిలో ఇరువదియేండ్లు బడిలో పనిచేసిన డ్రిల్లుమాస్టరు ఒకడు కలడు. అతనిని మేము పేరుచూచి ప్రక్కకు పెట్టితిమి.

ఈ అనుభవముతో ఇప్పటి మూడు దరఖాస్తులను మేము మరల చదివితిమి. పేర్లు చెప్పము, ఊర్లు చెప్పము.

మొదటి యాయన ప్రభుత్వరంగ సంస్థలో ఆటగాని కోటాయందు ఉద్యోగము పొంది, జాతీయపోటీలలో ఆడి, విరమించినవారు. మనవారే. శిక్షకపరీక్ష యేదియు చదువలేదు. వీరు ఆడిన దినములలో సర్వీసు చేసిన పక్షమునకే పాయింటు, పదునైదు పాయింట్లకు ఆట. 1998 మొదలు ఆ పద్ధతి మాఱినది: ప్రతి బంతికి పాయింటు, ఇరువదియైదింటికి ఆట, వెనుకవరుసను కాపాడుటకు లిబరో అను ప్రత్యేక క్రీడాకారుడు. పూర్వము సర్వీసు పోయిన పాయింటు పోదు, ఇప్పుడు పోవును. కావున పిల్లవానికి సాహసమెప్పుడు, నెమ్మది యెప్పుడు అని చెప్పుటయే మాఱిపోయినది. ఈ సంగతి వీరిని అడుగగా, ‘ఆట ఆటే గదా’ యని సెలవిచ్చిరి.

రెండవ యాయన వ్యాయామోపాధ్యాయుడు; పల్లెబడులలో పనిచేసి విరమింపనున్నవారు. జాతీయపతకము లేదు. కాని వీరు పంపిన కాగితములలో ఒక నోటుపుస్తకము కలదు. పిల్లల ఎత్తు, ఎగురుడు, ఏ యేట ఎవరికి మోకాలు నొచ్చినది, ఎవరు పరీక్షలకు ఆట మానిరి, అన్నియు వ్రాసియున్నవి. ఆ పుస్తకము చదువుచు మేము రెండుగంటలు గడిపితిమి.

మూడవది ఒక యువతిది. విశ్వవిద్యాలయపు జట్టునకు లిఫ్టరుగా నాడి, వ్యాయామవిద్యలో పట్టము పుచ్చుకొని, పటియాలా సంస్థనుండి శిక్షకుల డిప్లొమా తెచ్చుకొన్నది. ఆ పిదప ఉద్యోగము? ఒక చోట పది నెలలు, వేఱొక చోట వేసవి శిబిరము, మరియొక చోట ఒప్పందముమీద ఏడాది. ఉపసంఘములో ఒకరు, ‘ఇన్నిచోట్ల మాఱినది, నిలకడ లేనిది’ అనిరి. అమ్మాయి మాఱలేదయ్యా, ఆమెను మార్చిరి! వేసవి రాగానే జీతము నిలిచిపోవు నుద్యోగములో ఎవరు నిలువగలరు? అమెరికా కళాశాలలు తమ జట్టు శిక్షకుల పూర్వచరిత్రను అచ్చువేయుట వాడుక: ఎచ్చట ఆడిరి, ఎవరిక్రింద సహాయశిక్షకులుగా పనిచేసిరి, ఎచ్చటినుండి ఎచ్చటికి వచ్చిరి. అచ్చట నాలుగైదు చోట్ల పనిచేసినవారిని అనుభవజ్ఞులందురు. ఇచ్చట నిలకడ లేనివారందుము.

మఱియొక సంగతి. మన బాలికల జట్టు సాయంకాలపు సాధనకు తల్లులు పంపుటకు వెనుకాడుచున్నారు. వల ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24, ఆ పందొమ్మిది సెంటీమీటర్ల భేదము వెంటనే సర్దవచ్చును. తల్లుల సంకోచము అట్లు సర్దుటకు వీలుకాదు. స్త్రీ శిక్షకురాలు మైదానములో నున్నచో తాము పంపుదుమని ఈ పందిటిలోనే అయిదుగురు తల్లులు మాతో చెప్పియున్నారు. వారు వెనుకవరుసలో కూర్చున్నారు. వారికి మాటలాడు అవకాశము కార్యక్రమములో ఏలనో లేదు.

కావున మేము మా యభిప్రాయమును దాచము. ఒక్కరిని కాక ఇద్దఱిని తీసికొందము. ఆ యువతి ముఖ్యశిక్షకురాలు. పల్లెబడి మాస్టరుగారు, విరమించిన పిదప, ఆమెకు సహాయకుడు. వయస్సులో పెద్దవారు చిన్నదానిక్రింద పనిచేయుదురా యని సందేహించి మేమే పోయి అడిగితిమి. ఆయన నవ్వి, ‘లిఫ్టరు చెప్పినట్లు షూటరు ఎగురుట మాకు అలవాటే’ అనిరి. మనవారైన మొదటి యాయనను నెలకొకసారి పిలిచి పిల్లలకు షూటింగు చూపుమని కోరవచ్చును. చూపుటలో ఆయనకు సాటి లేడు. ఆయన చిన్నబుచ్చుకొనకుండ చెప్పు భారము మేము వహింతుము. బంధువులము గాన తిట్లు తినుటకును సిద్ధము.

ఇద్దఱి జీతమునకు డబ్బెచ్చటిది యందురా? గడచిన మహాసభకు ద్వారములు, దండలు, వెండికప్పులు, బాణసంచా అన్న పద్దులు లెక్కల పుస్తకములో నున్నవి. కోశాధికారిగారు మనయెదుటనే యున్నారు; ఆ పద్దు లెంతయో వారిని చదువుమని కోరుచున్నాము. కప్పు ఒక సాయంకాలము బల్లమీద నుండును.

రేపటి తీర్మానములో రెండు సవరణలు మేము ప్రతిపాదింపదలచినాము. ‘సంఘీయుడగు శిక్షకుని’ అన్నచోట ‘తగిన శిక్షణము పొందిన శిక్షకుని’ అని యుండవలెను. ‘పది నెలల జీతము’ అన్నచోట ‘పండ్రెండు నెలల జీతము’ అని యుండవలెను. మొదటిదానిపై మీరెంత వాదించినను వినుటకు సిద్ధముగా నున్నాము. రెండవది వాదములేక అంగీకరింపుడని వేడుకొనుచున్నాము; ఏప్రిలు, మే నెలలలో గూడ అద్దె కట్టవలెను గదా. మూడు దరఖాస్తులును, మాస్టరుగారి నోటుపుస్తకమును, పేర్లు కనబడకుండ కాగితము అంటించి, భోజనశాలప్రక్కన కార్యదర్శిగారి బల్లమీద నుంచినాము. రాత్రి భోజనములైన పిదప పదిగంటలవఱకు అచ్చట దీప ముండును.